క్లే షూటింగ్: ముందు పాఠం, తర్వాత గోడ, ఆఖరున తుపాకి

ఆఫీసు టీమ్‌తోనో, స్నేహితుడి పుట్టినరోజుకో ఒక్కసారి క్లే మైదానానికి, అంటే యంత్రం విసిరే బిళ్లను గాల్లోనే తుపాకితో కొట్టే చోటికి వెళ్తే చాలు. నారింజ రంగు బిళ్ల గాల్లోనే పొడైపోవడం చూశాక చాలామంది ఆ రాత్రే తుపాకుల ధరలు వెతకడం మొదలుపెడతారు. వరస తప్పేది అక్కడే. బ్రిటన్‌లో ఈ ఆటకు తుపాకి మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. ముందు మైదానం తుపాకితో నేర్చుకోవాలి, తర్వాత తుపాకి ఉంచుకోవడానికి పోలీసులిచ్చే సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టాలి, పోలీసు అధికారి ఇంటికి వచ్చేసరికి ఉక్కు బీరువా గోడకు బిగించి ఉండాలి. ఈ వరసలో వెళ్తే డబ్బూ మిగులుతుంది, తిరస్కరణ భయమూ తగ్గుతుంది. ఇక్కడ రాసిన నిబంధనలు ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు వర్తిస్తాయి. ఉత్తర ఐర్లండ్ చట్టం వేరు.

ఆట గురించి నాలుగు ముక్కలు

క్లే అంటారు గానీ అందులో బంకమట్టి ఉండదు. సున్నపురాయి పొడిని పిచ్ అనే తారులాంటి పదార్థంతో కలిపి అచ్చు పోస్తారు. మామూలు బిళ్ల వ్యాసం 110 మి.మీ., బరువు 105 గ్రాముల దగ్గర ఉంటుంది. 90 మి.మీ. మిడి, 60 మి.మీ. మినీ, నేలమీద దొర్లే కుందేలు బిళ్ల, పలచటి బట్యూ కూడా ఉన్నాయి. ఒకప్పుడు పెట్టెల్లోంచి బతికున్న పావురాలను వదిలి కాల్చేవారు. బ్రిటన్ 1921లో దాన్ని నిషేధించింది. అయినా ఆ రోజుల మాటలు పోలేదు. బిళ్ల విసిరే యంత్రాన్ని ఇప్పటికీ ట్రాప్ అనే అంటారు, బిళ్లను పిట్ట అంటారు, పగిలితే ‘కిల్’ అని రాసుకుంటారు.

రకాలు చాలా ఉన్నా మొదట్లో మూడు తెలిస్తే చాలు. డౌన్ ద లైన్‌లో ట్రాప్‌కు 16 గజాల వెనక అయిదు చోట్ల నిలబడి, మీకు దూరంగా పారిపోయే బిళ్లను కొడతారు. మొదటి గుండుకే పగిలితే 3 పాయింట్లు, రెండోదానికి పగిలితే 2. స్కీట్‌లో ఎత్తు ఇల్లు, పల్లపు ఇల్లు అని రెండు గూళ్ల నుంచి బిళ్లలు ఎప్పుడూ ఒకే దారిలో వస్తాయి, మీరే చోటు మారుతూ ఉంటారు. స్పోర్టింగ్‌లో చెట్ల మీదుగా, లోయలోంచి, అడ్డంగా, ఎదురుగా ఎలాగైనా రావచ్చు. కొత్తవాళ్లకు స్కీట్ మంచిదన్నది మా అభిప్రాయం. బిళ్ల దారి మారదు కాబట్టి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఒలింపిక్ ట్రాప్‌లో 15 యంత్రాలు కందకంలో ఉంటాయి, బిళ్ల ఎటు లేస్తుందో ముందుగా తెలియదు. హైదరాబాదీ షూటర్ కైనాన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం, జట్టుతో కలిసి స్వర్ణం గెలిచింది ఆ ట్రాప్‌లోనే. దానితో మొదలుపెట్టవద్దు.

1. సర్టిఫికెట్ లేకుండానే నేర్చుకోండి

1968 నాటి ఫైర్ ఆర్మ్స్ చట్టంలో 11(6) అనే వెసులుబాటు ఉంది. పోలీసులు అనుమతించిన చోట, అనుమతించిన వేళల్లో కృత్రిమ లక్ష్యాలను కాల్చడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. పేరున్న క్లే మైదానాలు చాలావరకు ఈ అనుమతి తీసుకునే నడుస్తాయి. ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: మీకు 11(6) అనుమతి ఉందా? అర్హత ఉన్న కోచ్‌తో ఒక్కరికే పాఠం దొరుకుతుందా? ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. మూడు నెలలు, అంతకు మించి జైలుశిక్ష పడినవాళ్లకు చట్టం తుపాకి ముట్టుకోవడాన్నే నిషేధిస్తుంది. మైదానంలోనైనా అంతే.

అయిదారు పాఠాలు తీసుకోండి. వారానికి రెండు కంటే రెండు వారాలకు ఒకటి మేలు. మధ్యలో ఇంట్లో అద్దం ముందు ఒక కర్రతో భుజానికెత్తడం సాధన చేయవచ్చు. ఒక్కో పాఠంలో 50 సార్లకు మించి పేల్చకండి. భుజం నొప్పి మొదలైతే ఒళ్లు ముందే బిగుసుకుంటుంది, ఆ బెదురు అలవాటైపోతే వదిలించడానికి నెలలు పడుతుంది.

మొదటి పాఠానికి ముందే ఏ కన్ను బలమైనదో చూసుకోండి. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న త్రికోణం చేయండి. రెండు కళ్లూ తెరిచి అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూస్తూ చేతులు మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోండి. త్రికోణం ఏ కంటి ముందుకు వస్తే అదే యజమాని కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటే, కుడి భుజం నుంచి కొట్టిన గుండు ఎడమకు పోతుంది. దీనికి మూడు మార్గాలున్నాయి: ఎడమ భుజానికి మారడం, కాల్చేముందు ఎడమ కన్ను మూయడం, కళ్లద్దం మీద ఎడమ కనుపాపకు ఎదురుగా పావలా అంత మసక టేపు అంటించడం. వయసు చిన్నదైతే భుజం మార్చుకోవడమే మంచిది. మొదటి నెల ఇబ్బందిగా ఉన్నా తర్వాత జీవితమంతా హాయి.

2. నిలబడటం, ఎత్తడం, ఊపడం

కుడిచేతి వాటం వాళ్లకు రాస్తున్నాం, ఎడమవాళ్లు తిప్పి చదువుకోండి. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పుకు మించకూడదు. ఎడమ పాదం బిళ్ల పగలాల్సిన చోటికి కాస్త కుడిగా చూడాలి, ఒంటి బరువులో ఎక్కువ పాలు దానిమీదే ఉండాలి. వెనక్కి వాలి నిలబడితే తుపాకి తన్నినప్పుడు రెండో గుండుకు ఒళ్లు సిద్ధంగా ఉండదు.

తుపాకిని భుజం దగ్గరికి కాదు, ముందు చెంపకు తీసుకురండి. చెంప ఎముక కింది మెత్తని చోట స్టాక్ (తుపాకి వెనకనున్న చెక్క భాగం) పై అంచు ఆనాలి, ఆ తర్వాతే భుజపు గుంటలో స్టాక్ వెనక కొస కూర్చోవాలి. తల తుపాకి మీదకు వంచకూడదు, తుపాకే తల దగ్గరికి రావాలి. బిళ్ల పగిలిందో లేదో చూడాలన్న ఆత్రంతో తల లేస్తే గుండు పైనుంచి పోతుంది. దారి మధ్యలో ఊపు ఆగితే వెనకనుంచి పోతుంది. కొత్తవాళ్ల తప్పుల్లో ఎక్కువ ఈ రెండే.

ఊపు ఆగకూడదని ఎందుకు అంటామో ఒక లెక్కతో చూడండి. 27 మీటర్ల దూరంలో గంటకు 64 కి.మీ. వేగంతో అడ్డంగా పోయే బిళ్ల సెకనుకు దాదాపు 18 మీటర్లు కదులుతుంది. గుళ్లు అక్కడికి చేరడానికి సెకనులో సుమారు 8 శాతం పడుతుంది. ఆలోపు బిళ్ల ఒకటిన్నర మీటరు ముందుకు వెళ్లిపోతుంది. అంటే మీరు బిళ్ల మీదే గురిపెట్టి కొడితే మనిషి చాచిన చేతుల వెడల్పంత వెనక కొట్టినట్టు. అందుకే తుపాకి మూతి బిళ్ల వెనకనుంచి బయల్దేరి, దాని దారిలోనే దాన్ని దాటి, ముందుకు వెళ్తూ ఉండగానే మీట నొక్కాలి. నొక్కాక కూడా ఊపు సాగాలి. కళ్లు మాత్రం బిళ్ల ముందంచు మీదే ఉండాలి. తుపాకి కొసనున్న పూస వైపు చూపు మళ్లిందా, ఊపు అక్కడికక్కడే ఆగిపోతుంది.

3. మైదానంలో ప్రాణం కాపాడే అలవాట్లు

కేజ్‌లో, అంటే నిలబడి కాల్చే చట్రంలో మీ వంతు వచ్చేదాకా తుపాకి తెరిచే, ఖాళీగానే ఉండాలి. మూతి ఎప్పుడూ బయటి వైపే. చెవులకు, కళ్లకు రక్షణ తప్పనిసరి. ఈ ఆటలో వాడే, ఒకేసారి చాలా గుళ్లు చిమ్మే తుపాకి షాట్‌గన్. దాని శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క గుండుకే చెవి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. పగిలిన బిళ్ల ముక్కలు గాలికి వెనక్కి వచ్చి కంట్లో పడతాయి.

మీట నొక్కినా పేలకపోతే మూతి అలాగే బయటికి పెట్టి అరనిమిషం ఆగండి. తర్వాత బ్రీచ్‌ను (తూటా పెట్టే వెనక భాగాన్ని) మీ మొహానికి దూరంగా ఉంచి తెరవండి. శబ్దం ‘ఢాం’ అనకుండా ‘టుప్’మని వస్తే ఇంకా ప్రమాదం. మందు సరిగా కాలక, వాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిరడా) గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. తుపాకి ఖాళీ చేసి, గొట్టం గుండా వెలుతురు చూడనిదే రెండో గుండు వేయకూడదు. అడ్డు ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, చీలుతుంది.

12 బోర్, 20 బోర్ కార్ట్రిజ్‌లు (తూటాలు) ఒకే జేబులో ఎప్పుడూ ఉండకూడదు. బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, అంకె పెరిగితే గొట్టం సన్నం. 20 బోర్‌ది 12 బోర్ గొట్టంలో వేస్తే చాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటి లోపలికి జారి అక్కడ ఆగుతుంది. తెరిచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. దాని వెనక 12 బోర్‌ది పెట్టి పేలిస్తే గొట్టం సరిగ్గా ఎడమచేతి వేళ్ల దగ్గర పగులుతుంది. 20 బోర్ డొక్కు పసుపురంగులో ఉండేది అందుకే.

4. సర్టిఫికెట్

ఈ ఆట వదలబోమని నమ్మకం కుదిరాకే అర్జీ పెట్టండి. మీ ప్రాంత పోలీసుల ఫైర్ ఆర్మ్స్ లైసెన్సింగ్ విభాగానికి పెట్టాలి. 2025 ఫిబ్రవరిలో కొత్త షాట్‌గన్ సర్టిఫికెట్ రుసుమును 194 పౌండ్లుగా, పునరుద్ధరణకు 126గా నిర్ణయించారు. అయిదేళ్లు చెల్లుతుంది. కావలసినవి: నింపిన ఫారం, ఫొటో, మీ జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న డాక్టరు) ఇచ్చే వైద్య సమాచారం, పూచీదారులు. 2025 ఆగస్టు నుంచి షాట్‌గన్‌కు కూడా ఇద్దరు పూచీదారులు కావాలి. వాళ్లు బ్రిటన్‌లో ఉంటూ, మిమ్మల్ని కనీసం రెండేళ్లుగా ఎరిగి ఉండాలి. బంధువులు పనికిరారు. ఈమధ్యే వీసా మీద వచ్చినవాళ్లకు ఇదే పెద్ద అడ్డంకి. మైదానంలోనో, ఆఫీసులోనో, పక్కింటనో పరిచయాలు ముదిరేదాకా ఆగడం తప్ప దగ్గరి దారి లేదు. ఇంతకుముందు ఉన్న దేశపు పోలీసు రికార్డు కూడా అడగవచ్చు.

వైద్య ఫారంలో ఏదీ దాచకండి. ఎప్పుడో డిప్రెషన్‌కు మందులు వాడినంత మాత్రాన తిరస్కరించరు. అది దాచారని జీపీ రికార్డులో తేలితే మాత్రం తిరస్కరిస్తారు, తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం కూడా. ట్రాఫిక్ జరిమానాలు సహా పాత శిక్షలన్నీ రాయాలి. జీపీ ఫీజు విడిగా ఉంటుంది. మొత్తం పని కావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి పాఠాలు ఆపకండి.

ఇంటికొచ్చే అధికారి బీరువానే కాదు, ఇంటినీ మనుషుల్నీ చూస్తారు. తుపాకి ఎందుకు కావాలి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరైనా మానసిక ఒత్తిడిలో ఉన్నారా అని అడుగుతారు. మైదానం రసీదులు, స్కోరు కార్డులు చేతిలో ఉంటే మీ మాటకు బలం.

5. బీరువా, గోడ

భద్రపరచడం గురించి షాట్‌గన్ సర్టిఫికెట్ షరతు ఇది: అధికారం లేనివాళ్ల చేతికి చిక్కకుండా వీలైనంత భద్రంగా ఉంచాలి. ఫలానా బీరువానే కొనమని చట్టం చెప్పదు. కానీ బీఎస్ 7558 అనే బ్రిటిష్ ప్రమాణానికి తయారైనది కొంటే అధికారితో వాదన ఉండదు. 30 అంగుళాల గొట్టాల తుపాకి నిలువునా 48 అంగుళాల దాకా ఉంటుంది, లోపలి ఎత్తు కొలిచి కొనండి. రెండు తుపాకులకని అమ్మే బీరువాలో ఒక్కటే సుఖంగా పడుతుంది, కాబట్టి ఒక సైజు పెద్దదే తీసుకోండి.

చోటు ఎంచుకునేటప్పుడు దొంగలా ఆలోచించాలి. కిటికీలోంచి, తలుపు తీయగానే కనిపించకూడదు. గరాజ్, షెడ్ వద్దు. గోడలో కలిసిన వార్డ్‌రోబ్ లోపల, రెండు గోడలు కలిసే మూల మంచిది. గునపం దూర్చడానికి, ఊపడానికి చోటుండదు. వెలుపలి గోడ చలికాలంలో చల్లబడి చెమ్మ పడుతుంది, ఇటుకతో కట్టిన లోపలి గోడ దొరికితే దాన్నే వాడండి.

గోడ ఏమిటో డ్రిల్ పొడి చెబుతుంది. ముందు కరెంటు తీగలు, పైపులు లేవని డిటెక్టర్‌తో చూసుకుని, బీరువా వెనక దాగే చోట సన్నని రంధ్రం వేయండి. ఎర్రపొడి రాలితే ఇటుక: అంతకంటే మంచిది లేదు. బూడిదరంగు పొడి మెత్తగా, తేలిగ్గా రాలుతుంటే గాలి నింపిన తేలిక దిమ్మ: వెడల్పయ్యే బోల్టు బిగిస్తే దిమ్మ చీలుతుంది, రెసిన్ పోసి బిగించే యాంకర్ వాడాలి. తెల్లపొడి రాలి బిట్ ఒక్కసారిగా లోపలికి జారితే ప్లాస్టర్‌బోర్డు. దాని వెనక కొద్ది ఖాళీ తర్వాత ఇటుక తగిలితే బోల్టు ఆ ఖాళీ దాటి ఇటుకలో పూర్తిగా కూర్చునేంత పొడవుండాలి. ఏమీ తగలకపోతే చెక్క చట్రం గోడ. అప్పుడు నిలువు చెక్కలు వెతికి, వాటికి అడ్డంగా 18 మి.మీ. ప్లైవుడ్ బిగించి, బీరువాను కోచ్ స్క్రూలతో (చెక్కలోకి దిగే లావుపాటి మరలతో) ప్లైవుడ్ దాటి ఆ చెక్కల్లోకి పట్టించాలి. బోర్డు ప్లగ్గులు మాత్రం వద్దు, ఒక్క గుంజుడుకు ఊడొస్తాయి.

ఇటుక గోడకు బిగించే వరస ఇది. బీరువాను నిలబెట్టి, లెవెల్ చూసి, వెనకనున్న నాలుగు రంధ్రాల్లోంచి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. గుర్తు ఇటుకల మధ్య అతుకు మీద పడితే బీరువాను కాస్త జరపండి, రంధ్రం ఇటుక నడుమే రావాలి. ఎం10 యాంకర్ బోల్టు పెట్టె మీద రాసిన సైజు బిట్‌తో, బోల్టు పొడవుకంటే ఒక సెంటీమీటరు లోతుగా తవ్వండి. పొడి పూర్తిగా ఊది తీసేయండి, అది మిగిలితే యాంకర్ పట్టదు. నాలుగూ కొంచెం కొంచెంగా ఒక మూల తర్వాత ఎదురు మూల బిగించండి. తర్వాత తలుపు పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగండి. ఏ మాత్రం కదిలినా మళ్లీ చేయాల్సిందే.

అద్దె ఇంట్లో ఉంటే గోడ తవ్వేముందు ఇంటి యజమాని అనుమతి రాతలో తీసుకోండి. ఎందుకో చెప్పేటప్పుడు అది ఏజెంటుకు, పనివాళ్లకు పాకకుండా చూసుకోండి.

6. తాళంచెవి

ఉక్కు, బోల్టులు దొంగను ఆపుతాయి. ఇంట్లోవాళ్లను ఆపేది తాళంచెవి ఒక్కటే. సర్టిఫికెట్ మీ ఒక్కరిదే అయితే అది ఎక్కడుందో మీ భార్యకో, భర్తకో కూడా తెలియకూడదు. నమ్మకం లేక కాదు, చట్టం దృష్టిలో వాళ్లు అధికారం లేనివాళ్లు. మన ఇళ్లలో ఇది చెప్పినంత సులువు కాదు. దేవుడి గూట్లో, పోపుల పెట్టెలో, బట్టల మధ్య పెట్టినవి ఇంటిల్లిపాదికీ తెలిసినవే. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్న ఇల్లు సర్దుతూ మూడోరోజుకే కనిపెడతారు. పిల్లలకు అంతకంటే ముందే తెలుస్తుంది.

అందుకని తాళంచెవిని దాచవద్దు, దానికీ తాళం వేయండి. అంకెల తాళమున్న చిన్న కీ సేఫ్‌ను గోడకు బిగించి బీరువాతో వచ్చిన రెండు చెవులూ అందులోనే పెట్టండి. అంకెలు పుట్టినరోజో, పెళ్లిరోజో కాకూడదు, ఫోన్‌లో రాసుకోకూడదు. బీరువాకే అంకెల తాళం ఉన్నా ఇదే సూత్రం. దంపతులిద్దరూ ఆడాలనుకుంటే ఇద్దరూ సర్టిఫికెట్ తీసుకోండి, అప్పుడు ఒకే బీరువా పంచుకోవచ్చు.

కార్ట్రిజ్‌లకు వేరే తాళంపెట్టె పెట్టండి, పొడిగా చల్లగా ఉండే చోట. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. బిళ్ల పగిలిన వీడియో పెట్టినా పర్వాలేదు, ఇంట్లో తీసిన తుపాకి ఫొటో మాత్రం వద్దు.

7. ఇప్పుడు తుపాకి

మొదటి తుపాకి 12 బోర్, ఒకదానిమీద ఒకటి గొట్టాలున్నది, 30 అంగుళాలది, మార్చుకునే చోక్‌లున్నది (చోక్ అంటే గుళ్లు ఎక్కువ చెదరకుండా గొట్టం మూతిని ఇరుకు చేసే భాగం) అయితే అన్ని రకాల ఆటకూ సరిపోతుంది. బెరెట్టా, బ్రౌనింగ్, మిరోకు కంపెనీల సెకండ్ హ్యాండ్‌వి దశాబ్దాలు నిలుస్తాయి, తిరిగి అమ్మినా ధర పెద్దగా పోదు. తేలికపాటిది కొనకండి. మూడున్నర కిలోల తుపాకి తక్కువ తన్నుతుంది, ఊపు కూడా నిలకడగా ఉంటుంది.

కంపెనీ పేరు కంటే తుపాకి మీ ఒంటి కొలతకు సరిపోవడం ముఖ్యం. కళ్లు మూసుకుని భుజానికెత్తి, తెరిచి చూడండి. గొట్టం పైనున్న పట్టీ మీద మధ్యపూస, కొసపూస ఒకదానిమీద ఒకటి 8 అంకెలా కనిపించాలి. పట్టీ కనిపించకుండా తుపాకి వెనకభాగమే కనిపిస్తే చెంప కింద ఎత్తు చాలదు. స్టాక్ చంకలో తట్టుకుంటే పొడవెక్కువ. మామూలుగా అమ్మేవి పధ్నాలుగున్నర అంగుళాలకు అటూఇటూ ఉంటాయి. పొట్టివాళ్లకు అరంగుళం తగ్గించాల్సి రావచ్చు. గన్‌స్మిత్ చేత చేయించండి, సొంతంగా కోయకండి.

స్టీల్ గుళ్లకు పరీక్షించిన తుపాకినే చూడండి. సీసపు గుళ్లను ఆపించబోతున్నట్టు, అందుకు మూడేళ్ల గడువు ఇస్తున్నట్టు ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించింది. గొట్టాల మీద లిల్లీ పువ్వు ముద్ర ఉంటే బలమైన స్టీల్ లోడ్లకూ పరీక్షించారని అర్థం. ప్రస్తుతానికి 28 గ్రాముల లోడు, ఏడున్నర సైజు గుళ్లు, ఫైబర్ వాడ్ ఉన్న కార్ట్రిజ్‌లు కొనండి. ప్లాస్టిక్ వాడ్‌ను చాలా మైదానాలు రానివ్వవు. చోక్ మొదట క్వార్టర్ చాలు.

అమ్మినవారు తుపాకి వివరాలు మీ సర్టిఫికెట్‌లో నమోదు చేయాలి. మీరు ఏడు రోజుల్లోగా పోలీసులకు తెలపాలి. కారులో స్లిప్‌లో (తుపాకి సంచిలో) పెట్టి, బయటికి కనిపించకుండా తీసుకెళ్లండి. దారిలో కారు వదిలి దిగక తప్పకపోతే ఫోర్ ఎండ్ (గొట్టాల కింద ముందుచేత్తో పట్టుకునే భాగం) ఊడదీసి జేబులో పెట్టుకోండి, అది లేని తుపాకిని వాడటం కష్టం.

8. ఆడి వచ్చాక

వానలో తడిసిన తుపాకిని స్లిప్‌లోనే ఉంచి నిద్రపోతే తెల్లారేసరికి గొట్టాల మీద గోధుమరంగు చుక్కలు లేస్తాయి. విప్పి, తుడిచి, గదిలో గంట ఆరనివ్వండి. గొట్టంలో ద్రావకం వేసి కంచు బ్రష్ నాలుగైదుసార్లు నడిపి, గుడ్డముక్క తెల్లగా వచ్చేదాకా తుడిచి, చివర్లో పలచగా నూనె. కీలు దగ్గర పెసరగింజంత గ్రీజు. నూనె ఎక్కువై తుపాకి నిలబెడితే అది దిగి స్టాక్ తలలోకి ఇంకి చెక్కను మెత్తబరుస్తుంది. అందుకే మూతి కిందికి పెట్టి నిలబెట్టడం మంచిది. బీరువాలోని స్పాంజి చెమ్మ పీల్చుకుంటుంది, సిలికా జెల్ సంచులు పెట్టి నెలకోసారి మార్చండి.

నెలరోజులు ఇండియా వెళ్తున్నప్పుడు తుపాకిని ఖాళీ ఇంట్లో వదలకండి, స్నేహితుడి ఇంట్లో అసలే వద్దు. లైసెన్సున్న డీలర్ల దగ్గర చాలామంది భద్రపరుస్తారు, అద్దె కొద్దిగానే ఉంటుంది. అప్పగించేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు తీసుకోండి. తిరిగొచ్చి తెచ్చుకున్నాక బీరువా బోల్టులు నాలుగూ మరోసారి బిగువు చూసి, అప్పుడు తుపాకి లోపల పెట్టండి.